మెరకలో గడ్డి, పల్లంలో ఖాళీ: వెదజల్లిన ఒక దాళ్వా చేను

జనవరి 11 పొద్దున్నే బాబాయ్ ఫోను. "అబ్బాయ్, పల్లంలో వరి లేదు. మెరకలో ఉందో లేదో గడ్డిలో కనపడట్లేదు. ఓసారి వచ్చి చూసి పో."

ఫోన్లో ఆ మాట నాకు సరిగ్గా బుర్రకెక్కలేదు. గట్టు మీద నిలబడ్డాక తెలిసింది. ఒకే చేను, ఒకే విత్తనం, ఒకే రోజు చల్లిన ఒకే మందు. పడమటి వైపు పల్లంలో మందు వరిని తినేసింది. తూర్పు వైపు మెరకలో అదే మందు గడ్డిని కూడా ఏమీ చేయలేకపోయింది. పదకొండేళ్లుగా ఈ చుట్టుపక్కల ఊళ్లలో పంటలు చూసి సలహా చెప్పడమే నా పని. మందులు అమ్మను. వెదజల్లిన వరిలో కలుపు మందు ఎన్ని రకాలుగా దారి తప్పుతుందో ఈ రెండున్నర ఎకరాల్లో చూసినంతగా ఇంకెక్కడా చూడలేదు. అందులో ఒక తప్పు నాది. అదీ రాస్తాను.

చేను, రైతు

ఉండి కాలువ శివారు, భీమవరానికి ఇవతల. బరువైన నల్ల బంకనేల. బాబాయ్ కౌలు రైతు. పేరు రాయొద్దన్నాడు. ఒక పక్క చేపల చెరువు, ఇంకో పక్క మురుగు కాలువ, మధ్యలో ఈ చేను. నీళ్లు పెట్టేది పంట బోదె (చిన్న కాలువ) నుంచి. అది కూడా దాళ్వాలో, అంటే కాలువ నీళ్లతో వేసే రెండో పంటలో, వంతుల ప్రకారమే. సీలేరు నది నీళ్లు కలిస్తే గాని గోదావరి డెల్టా దాళ్వా గట్టెక్కదు. కాలువ చివర ఉన్నవాళ్లకు ఆ గట్టెక్కడం కూడా ఆలస్యంగానే ఉంటుంది.

సార్వాలో, అంటే వానాకాలం పంటలో, స్వర్ణ రకం వేశాడు. వానలతో కోత డిసెంబరు మొదటి వారం దాకా సాగింది. ఇక నారు పోసి, పెంచి, ఊడ్పులకు మనుషుల్ని వెతుక్కునే టైము లేదు. వెదజల్లితే నారుమడి పని తప్పుతుంది, కూలీల టెన్షన్ తప్పుతుంది, పంట కూడా ఓ వారం పది రోజులు ముందు చేతికొస్తుంది. ఏప్రిల్‌లో కాలువలు కట్టేసే లోపు గింజ పాలు పోసుకుని గట్టిపడాలి కాబట్టి ఆ వారం మాకు చాలా విలువైనది. అందుకే డెల్టాలో దాళ్వాకు వెదజల్లడం ఇంతగా పెరిగింది. ఇందులో బాబాయ్‌ని తప్పుపట్టడానికి ఏమీ లేదు.

విత్తనం ఎంటీయూ 1121, శ్రీధృతి. మార్టేరు పరిశోధన స్థానం రకమే. 24 గంటలు నానబెట్టి, మండెకట్టి (మొలక రావడానికి మూటకట్టి ఉంచి), ముక్కు పగిలాక డిసెంబరు 29న చేత్తో చల్లాడు. ఎకరానికి 16 నుంచి 20 కేజీలు సరిపోతాయి. ఆయన మాత్రం ఎకరానికో 30 కేజీల సంచి ఖాళీ చేశాడు. "పిట్టలకు కొంత, ఎలుకలకు కొంత" అని ఆయన లెక్క. ఈ దుబారాయే తర్వాత మమ్మల్ని ఆదుకుంది, అది వేరే సంగతి.

దమ్ము బాగానే తొక్కించాడు. చదును చేయించలేదు. నీళ్లు పెట్టినప్పుడు తూర్పు మూల బురద పైకి తేలి ఉంటే, పడమటి మూల బెత్తెడు నీళ్లు. నాట్ల చేలో ఈ తేడా పెద్దగా కనపడదు, నారు అప్పటికే జానెడు ఉంటుంది కాబట్టి. వెదజల్లిన చేలో మొలక గోరంత. బెత్తెడు నీళ్లంటే దానికి చెరువే.

పదమూడో రోజు

ముందు సీసా చూపించమన్నాను. ఇంజను షెడ్డులో చూరుకి గుచ్చి ఉంది. ప్రెటిలాక్లోర్ అనే కలుపు మందు, 50 శాతం ఈసీ (నీళ్లలో కలిసే ద్రవం). ఎకరానికి అర లీటరు చొప్పున ఇసుకలో కలిపి మూడో రోజున, అంటే జనవరి 1న, చల్లాడు. లేబుల్ మీద పంట దగ్గర 'నాటిన వరి' అని ఉంది. సేఫ్‌నర్ (మందు దెబ్బ నుంచి పంటను కాపాడే పదార్థం) అన్న మాట ఎక్కడా లేదు.

ఇది కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ప్రతి దాళ్వాలోనూ నాకు ఇలాంటి సీసాలు రెండు మూడైనా కనపడతాయి. ప్రెటిలాక్లోర్ మొలకెత్తే గడ్డి గింజను పట్టుకుంటుంది. అప్పుడే మొలుస్తున్న వరి గింజ కూడా దాని లెక్కలో గడ్డే. నాటిన చేలో వరికి ముప్పై రోజుల వయసుంటుంది, తట్టుకుంటుంది. వెదజల్లిన చేలో తట్టుకోలేదు. అందుకే దీంట్లోనే ఇంకో రకం ఉంది: 30.7 శాతం, ఫెన్‌క్లోరిమ్ అనే సేఫ్‌నర్ కలిపినది. వరి మొలక ఆ సేఫ్‌నర్‌ను వేరుతో పీల్చుకుని మందును ఒంట్లోనే త్వరగా విరగ్గొట్టేసుకుంటుంది. గడ్డికి ఆ సాయం అందదు. విత్తిన 3 నుంచి 5 రోజుల్లో ఎకరానికి 600 నుంచి 800 మిల్లీలీటర్లు వాడాలి. గింజకు వేరు ముక్కు వచ్చి ఉంటేనే సేఫ్‌నర్ పనిచేస్తుంది కాబట్టి మండెకట్టని గింజ చల్లి ఈ మందు కొట్టినా ఇబ్బందే.

కొట్టువాడు తప్పు ఇచ్చాడా, బాబాయ్ తప్పు అడిగాడా అని నేను తవ్వలేదు. "నాట్లప్పుడు వేసేదే ఇవ్వమన్నాను" అని తనే చెప్పాడు. అడిగింది ఇచ్చారు. వెదజల్లావా, నాటావా అని అవతలివాళ్లు ఒక్క మాట అడిగి ఉంటే బాగుండేది.

పల్లంలోకి దిగి మొలకలు పీకి చూశాను. ముదురు పచ్చ రంగు, వేలెడు పొడవు కూడా లేవు. కొత్త ఆకు తొడుగులోంచి నిటారుగా రాకుండా మధ్యలో ఇరుక్కుని, కొస మెలిక తిరిగి, ఉంగరంలా వంగిపోయి ఉంది. ఇది మందు దెబ్బే. కేవలం నీళ్ల మునకైతే మొలక పాలిపోయి, సన్నగా పొడుగు సాగి ఉంటుంది. నల్లపచ్చగా గిడసబారదు. ఈ రెంటికీ తేడా చూడటం రైతుకు తెలిస్తే సగం గొడవలు తగ్గుతాయి. మా దగ్గర ఏది పోయినా ముందు విత్తనాన్నే తిడతారు.

మెరకలో ఎందుకు పనిచేయలేదంటే, అక్కడ నీళ్లు లేవు. ఈ మందు తడి మీద పరుచుకుని నేల పైపొరలో నిలబడాలి. బురద ఆరి పగుళ్లిస్తే ఆ పొర చెదిరిపోతుంది, పగులులోంచి గడ్డి హాయిగా లేస్తుంది. ఇసుకతో చల్లిన మందంతా నీళ్లున్న వైపే ఎక్కువ పనిచేసింది. అంటే పల్లంలో వరికి రెట్టింపు దెబ్బ.

మీటరు చదరం పీవీసీ పైపు చట్రం ఒకటి బండిలో ఎప్పుడూ ఉంటుంది. ఎనిమిది చోట్ల విసిరి లెక్కపెట్టాను. మెరకలో వరి మొక్కలు 210, 240. పల్లంలో 14, ఒకచోట 20. పల్లం మొత్తం కలిపి సుమారు 60 సెంట్లు. "దున్నేసి మళ్లీ చల్లేద్దామా?" అని బాబాయ్. వద్దన్నాను. మళ్లీ చల్లితే ఏప్రిల్‌లో నీళ్లు దొరకవు. మెరకలో వరి ఒత్తుగా ఉంది. కలుపు సంగతి తేల్చాక అక్కడ పీకి ఇక్కడ నాటడమే దారి. సంచి మొత్తం చల్లడం పనికొచ్చిందని అన్నానే, అది ఇందుకే.

గడ్డిలో ఏ గడ్డి

ఈలోపు పక్క చేను రైతు వచ్చి బిస్‌పైరిబాక్ కొట్టేయమన్నాడు. "మాకు రెండేళ్లుగా అదే, ఊద గడ్డి ఒక్కటి మిగల్లేదు." నిజమే. బిస్‌పైరిబాక్ సోడియం 10 శాతం ఎకరానికి 80 నుంచి 100 మిల్లీలీటర్లు, ఊద రెండు మూడు ఆకుల మీద ఉండగా కొడితే చక్కగా చచ్చిపోతుంది. కొన్ని తుంగలు, వెడల్పాకు కలుపు కూడా పోతాయి. నేనూ సరే అనబోయాను.

అనబోయి, మెరకలో మోకాళ్ల మీద కూర్చుని గుప్పెడు గడ్డి పీకాను. ఊదను వరి నుంచి విడదీయడం తేలికే. ఆకు కాండాన్ని కలిసేచోట గోటితో విప్పి చూస్తే వరికి తెల్లటి పొర నాలుకలా ఉంటుంది, అటూ ఇటూ నూగు చెవులు ఉంటాయి. ఊదకు ఆ మెడ దగ్గర ఏమీ ఉండదు, నున్నగా ఉంటుంది. బాబాయ్‌కి చూపిస్తే కళ్లజోడు తెచ్చుకుని పది మొక్కలు విప్పి చూశాడు. "నలభై ఏళ్లుగా పీకుతున్నా, ఇది చూళ్లేదే" అన్నాడు.

అందులో మూడో రకం దొరికింది. ఆకు వరి కంటే సన్నం, మెత్తన. మెడ దగ్గర పొర ఉంది గాని అంచు చిరుగులు చిరుగులుగా ఉంది. లెప్టోక్లోవా చైనెన్సిస్. మావాళ్లు దీన్ని విడిగా పిలవరు, గడ్డి అంటారు, అంతే. పెద్దదయ్యాక ఎర్రటి సన్న కంకి వేసినప్పుడు గాని దీని మీద కన్ను పడదు. చట్రంలో ఊద 60 ఉంటే ఇది 25 దాకా ఉంది. బిస్‌పైరిబాక్ దీన్ని సరిగ్గా పట్టుకోలేదు. పక్కాయన చేలోకి వెళ్లి చూస్తే అదే కథ: ఊద లేదు, సన్న గడ్డి మాత్రం గుంపులు గుంపులుగా ఉంది. రెండేళ్లుగా ఊదను చంపుతూ దీనికి జాగా ఖాళీ చేసి పెట్టాడన్నమాట. ఆయన దాన్ని వరి అనుకుంటున్నాడు.

పల్లంలో పరిస్థితి వేరు. అక్కడ గడ్డి తక్కువ. తుంగ, అక్కడక్కడ గుంటగలగర.

కాబట్టి సన్న గడ్డికి సైహలోఫాప్ బ్యుటైల్ కావాలి. అది గడ్డిజాతిని తప్ప దేన్నీ ముట్టుకోదు. తుంగకూ వెడల్పాకుకూ ఇంకొకటి కావాలి. ఈ రెండూ కలిసి వచ్చే తయారీ ఒకటుంది: పెనాక్సులం 1.02, సైహలోఫాప్ 5.1 శాతం ఓడీ (నూనెలో కలిపిన ద్రవం). ఎకరానికి 800 నుంచి 900 మిల్లీలీటర్లు. బిస్‌పైరిబాక్ కంటే ఖరీదు. బాబాయ్ ముఖం చూశాను. "సైహలోఫాప్ ఒక్కటీ కొని, ఇంట్లో పాత 2,4-డి పొడి ఉంది కదా, రెండూ కలిపి కొడితేనో?" అన్నాడు. కుదరదు. ఆ రెండూ ఒకే ట్యాంకులో పడితే 2,4-డి సైహలోఫాప్ పదునును తగ్గిస్తుంది, గడ్డి బతికిపోతుంది. పైగా గట్టు మీద బెండ ఉంది. గాలికి 2,4-డి తుంపర అటు తగిలితే మళ్లీ ఇంట్లో వేరే పంచాయితీ.

ఇంకో మాట. బిస్‌పైరిబాక్, పెనాక్సులం, పైరజోసల్ఫ్యూరాన్, మెట్‌సల్ఫ్యూరాన్, ఇవన్నీ పేర్లు వేరైనా కలుపులో దెబ్బకొట్టే చోటు ఒకటే. ఏటా డబ్బా మార్చాం కదా అని రైతు అనుకుంటాడు. కలుపుకు మాత్రం ఏటా అదే దెబ్బ. సైహలోఫాప్ దెబ్బ వేరే చోట పడుతుంది, ప్రెటిలాక్లోర్‌ది ఇంకో చోట. మార్చడం అంటే ఈ లెక్కలో మార్చాలి.

యూరియా ఆ వారం వేస్తానన్నాడు. ఆపించాను. కలుపు ఉండగా వేసిన యూరియా ముందు ఊదకే అందుతుంది.

పండగ, స్ప్రేయరు, ట్యాంకులు

11న చూశాను గాని భీమవరం పక్క ఊళ్లో సంక్రాంతికి మందు కొట్టే మనిషి దొరకడం కల్ల. భోగి నుంచి ముక్కనుమ దాకా అందరూ కోడిపందేల బరుల దగ్గరే. జనవరి 17కి, అంటే 19వ రోజుకి పెట్టుకున్నాం. చలికి కలుపు నెమ్మదిగా పెరుగుతోంది, 17న కూడా ఊద మూడు నాలుగు ఆకుల్లోనే ఉంది. విత్తిన రోజుల లెక్క కంటే నేను ఆకుల లెక్కనే నమ్ముతాను. అదే జూన్‌లో అయితే 19 రోజుల ఊద పిలకలు కూడా వేసేసేది.

ముందురోజు నీళ్లు తీయించాం, ఆకులు బయటపడాలని. మందు కొట్టిన నీళ్లు బయటికి వదిలే పని మాత్రం పెట్టుకోకూడదు, పక్కన చేపల చెరువు ఉంది. నీళ్లు తీసేదంతా మందుకు ముందే. ఇసుకతో ప్రెటిలాక్లోర్ చల్లిన నీళ్లు పొరపాటున ఆ చెరువులో పడి ఉంటే ఈ కేసు వేరేలా ఉండేది. ఆ మందు చేపలకు విషం.

కుర్రాడు 16 లీటర్ల బ్యాటరీ స్ప్రేయరుతో వచ్చాడు. పురుగు మందు కొట్టే బోలు కోన్ నాజిల్ బిగించి ఉంది. ఎకరానికి ఎన్ని ట్యాంకులు కొడతావని అడిగాను.

"ఆయ్, ఆరు సరిపోతాయండి. తొందరగా అయిపోద్ది."

"మందు ఎలా పోస్తావు?"

"ట్యాంకుకి ఇంతని చెప్పండి, పోసేస్తాను."

తేడా వచ్చేది ఇక్కడే. ఎకరానికి 900 మిల్లీలీటర్లు, పది ట్యాంకులు అనుకుని ట్యాంకుకి 90 చెప్పాననుకోండి. ఇతను ఆరు ట్యాంకుల్లో ఎకరం ముగిస్తే పడిన మందు 540. సీసాలో మందు మిగులుతుంది, రైతు సంతోషిస్తాడు, వారం తర్వాత మందు నకిలీ అంటాడు. అందుకని ఊరి సిమెంటు రోడ్డు మీద ఉత్త నీళ్లతో నడిపించాను. కోన్ నాజిల్‌తో మధ్యలో తడి, అంచుల్లో చుక్కలు. తీసేసి నా దగ్గరున్న ఫ్లాట్ ఫ్యాన్ నాజిల్ పెట్టాను. రోడ్డు మీద ఒకే వెడల్పు తడిపట్టీ పడింది, ఆరేటప్పుడు కూడా ఒకేలా ఆరింది. అదే నడకతో గట్టు పక్కన పది సెంట్లు కొలిచి నడిపిస్తే ఒక ట్యాంకు పట్టింది. అంటే ఎకరానికి పది. అప్పుడు ట్యాంకుకి 90 ఖాయం చేసి, కొలత గ్లాసు చేతికిచ్చాను. రెండున్నర ఎకరాలకు 25 ట్యాంకులు. కుర్రాడు పైకి ఏమీ అనలేదు గాని సాయంత్రం కూలి డబ్బులు ఎక్కువ అడిగాడు. ఇప్పించాను.

నా తప్పు

ఈ మందు కొట్టాక 48 నుంచి 72 గంటల్లో నీళ్లు తిరిగి పెట్టాలి. అప్పుడే దెబ్బతిన్న గడ్డి మళ్లీ లేవదు, కొత్త గింజ మొలవదు. వంతు ఎప్పుడని కాలువ నీళ్లు వదిలే లస్కర్‌ని ముందే అడిగాను. 19న అన్నాడు. 17న మందు, 19న నీళ్లు, లెక్క కుదిరింది అనుకున్నాను.

19న నీళ్లు వదిలింది బోదె తలలో. మా చేను చివర. మధ్యలో ఎన్ని తూములు, ఎందరు రైతులు. శివారుకు నీళ్లు చేరేది మూడు నాలుగు రోజుల తర్వాతేనని ఆ ఊళ్లో పిల్లాడిని అడిగినా చెబుతాడు. నేనూ ఈ డెల్టావాడినే. ఆయన చెప్పిన తేదీని చివరి మడి తేదీ అనుకున్నాను. లస్కర్ తప్పేమీ లేదు.

20వ తేదీ మధ్యాహ్నానికి మెరకలో సన్న పగుళ్లు మొదలయ్యాయి. పగుళ్ల అంచున సూదుల్లా కొత్త మొలకలు. ఇంకో మూడు రోజులు ఆగితే కొట్టిన మందు సగం వృథా. మురుగు కాలువలో నీళ్లున్నాయి, అయితే అటు అంతా చెరువుల ప్రాంతం, ఉప్పు భయం. వరి లేత వయసులో ఉప్పును అసలు ఓర్చుకోదు. ఉప్పు కొలిచే మీటరు ముంచి చూశాను. రెండు డెసీసీమెన్ల లోపే చూపించింది. ఇంకాస్త ఎక్కువుంటే ఏం చేసేవాణ్ణో ఇప్పటికీ చెప్పలేను. డీజిల్ ఇంజను పెట్టి రాత్రంతా తోడించాం. మెరక మునిగింది. 23న కాలువ నీళ్లు వచ్చాక ఆ నీళ్లతో ఉప్పు పలచబడింది. డీజిల్ ఖర్చు నేనే ఇస్తానన్నాను, బాబాయ్ తీసుకోలేదు. తీసుకుని ఉంటే నాకు తేలికగా ఉండేది.

ఆ తర్వాత

జనవరి 27న చూస్తే ఊద పసుపు తిరిగింది. సన్న గడ్డి పైకి పచ్చగానే ఉంది. బాబాయ్ పెదవి విరిచాడు. ఒక మొక్క మొవ్వు పట్టుకుని లాగమన్నాను. చేతిలోకి ఊడి వచ్చింది, అడుగు గోధుమరంగులో కుళ్లి ఉంది. పైన ఆకు పచ్చగా ఉన్నా లోపల పెరిగే చోటు చచ్చిపోయింది. ఇంకో వారానికి మొక్కంతా ఎండింది. ఈ మందులు గడ్డిని మాడ్చవు, పెరగనివ్వకుండా చంపుతాయి. ఆ వారం ఓపిక లేక ఇంకో మందు కొట్టేవాళ్లను చాలామందిని చూశాను.

అప్పుడు యూరియా వేయించాం. ఆరుగురు ఆడకూలీలను పెట్టి మెరకలో ఒత్తు వరిని పీకి పల్లంలో నాటించాం. ఆ చేత్తోనే నీళ్లు ఆలస్యమైనప్పుడు లేచిన ఊదను, మిగిలిన తుంగను పీకేశారు. ఇన్ని మందుల లెక్కలు వేసి చివరికి వంగి పీకక తప్పలేదు. వెదజల్లిన చేలో ఒక చేతి కలుపు ఎప్పుడూ మిగిలే ఉంటుందని నేను ముందే చెబుతాను, ఎవరూ వినిపించుకోరు.

మార్చి మొదట్లో ఇంకో సంగతి బయటపడింది. శ్రీధృతి మధ్యలో అక్కడక్కడ వేరే వరి. సార్వా కోతలో మిషను రాల్చిన స్వర్ణ గింజ దాళ్వాలో మొలిచింది. వరిలో వరి కలుపైతే ఈ మందుల్లో ఏదీ దాన్ని ముట్టుకోదు. అందిన కాడికి ఆ కేళీలు (వేరే రకం మొక్కలు) పీకించాం.

ఏప్రిల్ నెలాఖరుకి మాసూళ్లు (నూర్పిళ్లు). 75 కేజీల బస్తాలు 98. అంతకు ముందు దాళ్వాల్లో ఆ చేను 110కి తగ్గేది కాదట. తేడా దాదాపు అంతా పల్లం నుంచే. ఆలస్యంగా నాటిన 60 సెంట్లు పిలకలు సరిగ్గా వేయలేదు. కౌలు గింజలు ఇచ్చాక బాబాయ్‌కి మిగిలింది తక్కువే, పూర్తి నష్టం మాత్రం కాదు. బిస్‌పైరిబాక్ కొట్టిన పక్క చేలో సన్న గడ్డి ఎర్ర కంకులు వేసి, వరి కంటే ముందే గింజ రాల్చేసింది. ఆయన ఈసారి నన్ను పిలిచాడు.

వేసవిలో బాబాయ్ తూర్పు మెరక మట్టి తీయించి పల్లంలోకి తోయించాడు. కౌలు చేనుకు సొంత డబ్బు పెట్టి చదును చేయించడం ఎంత కష్టమో వేరే చెప్పక్కర్లేదు. సార్వా కోత కాస్త ముందే అయితే మొదటి దమ్ముకూ రెండో దమ్ముకూ పది రోజులు ఖాళీ ఇచ్చి, రాలిన గింజా ఊదా మొలిచాక తొక్కేయమన్నాను. చూద్దామన్నాడు.

మొన్న డిసెంబరు చివర్లో కొట్టులోంచే ఫోన్ చేశాడు. "అబ్బాయ్, లేబుల్ చదువుతున్నా, విను. ప్రెటిలాక్లోర్ 30.7. సేఫ్‌నర్ ఉంది. విత్తిన వరికే. నా వంతు నేను చూసుకున్నా. కాలువ వంతు మాత్రం ఈసారి నేనే కనుక్కుంటాలే, నువ్వు వద్దు."